ఓటు లేని కమిటీకి మన సంతకం ఎందుకు?



మన ప్రాంతంలోని ఒక మిల్లు యాజమాన్యం మన సంఘానికి ఒక ఉత్తరం పంపింది. మర్యాదగానే రాశారు. "పని ప్రమాణాల వర్కింగ్ గ్రూపు" అని ఒకటి పెడుతున్నారట. రింగు ఖాతాలో మనిషికి ఎన్ని సైడ్లు, సాంచెల ఖాతాలో మనిషికి ఎన్ని సాంచెలు, దుమ్ము ఎంతవరకు ఫరవాలేదు, చెవులకు మోత ఎంతవరకు ఫరవాలేదు, అన్నీ అందులో తేలుస్తారట. యాజమాన్యం తరఫున నలుగురు, కార్మికుల తరఫున నలుగురు, కన్వీనరుగా ఫ్యాక్టరీ మేనేజరు. "నిర్ణయములు ఏకాభిప్రాయముతో జరుగును" అన్నది ఆఖరి వాక్యం. మనం నాలుగు పేర్లు పంపాలి. అంతే.

కార్యవర్గంలో ఈ ఉత్తరం చదవగానే ముగ్గురు నలుగురు సంతోషపడ్డారు. "ఇన్నేళ్లకు పిలిచారు, సరిసమానంగా కుర్చీలు వేశారు, ఇంకేం కావాలి అన్నా?" అన్నారు. నేను వద్దన్నాను. కమిటీయే వద్దని కాదు, ఈ ఉత్తరం మీద వద్దని. ఆ రోజు మాట తెగలేదు. విషయం సర్వసభ్య సమావేశానికి వస్తున్నది కాబట్టి, నేను ఎందుకు వద్దంటున్నానో ముందుగానే రాతలో పెడుతున్నాను. నాతో ఏకీభవించనివారు వచ్చే సంచికలో రాయవచ్చు, అచ్చువేసే పూచీ నాది.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. పాతవాళ్లకు తెలిసిందే, కొత్త పిల్లలకు తెలియదు.

2003లో నేను ఒక స్పిన్నింగు మిల్లులో రింగు ఖాతాలో ఉన్నాను. అప్పుడు మనిషికి ఆరు సైడ్లు. ఎనిమిది చేయాలని యాజమాన్యం ఒక కమిటీ వేసింది. కార్మికుల తరఫున ఐదుగురం. మమ్మల్ని ఎవరు ఎన్నుకున్నారు? స్పిన్నింగు మాస్టరు. "నువ్వు చదువుకున్నోడివి, నువ్వు రా" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యికి నేను పొంగిపోయానని ఇవాళ ఒప్పుకుంటున్నాను. మూడుసార్లు కూర్చున్నాం. చాయ్, కాందా భజ్జీలు, ఫ్యాను కింద కుర్చీలు. మూడోసారి నేను లేచి ఒక మాట అడిగాను: "సార్, మీరు లెక్క తీసిన వారం మంచి పత్తి వచ్చింది, గాలిలో తేమ సరిగా ఉంది, పోగులు తెగలేదు. రేపు మిక్సింగు మారితే, ఎండాకాలంలో తేమ మిషను ఆగిపోతే, తెగుడు రెండింతలవుతుంది. అప్పుడు ఎనిమిది సైడ్లు ఒక్క మనిషి ఎట్లా అతుకుతాడు?" మాస్టరు తల ఊపాడు. "మంచి పాయింటు, నోట్ చేసుకోండి" అని గుమస్తాతో అన్నాడు. గుమస్తా కలం కదిలించాడు. తరువాత ఒక కాగితం తిప్పారు. "హాజరైనవారి సంతకాలు" అన్నారు, పెట్టాం.

ఆరు నెలలకు విషయం రాజీ అధికారి దగ్గరికి పోయింది. మేము ఎనిమిది సైడ్లు చేయలేమని చెబితే, యాజమాన్యం వకీలు ఆ కాగితమే తీశాడు. అందులో ఉన్నది: "సమగ్ర చర్చ అనంతరం ఏకాభిప్రాయముతో ఆమోదించడమైనది." కింద నా సంతకం. పత్తి గురించి, తేమ గురించి నేను అడిగిన దానికి ఒక్క అక్షరం లేదు. అధికారి నన్ను చూసి, "ఇది మీ సంతకమేనా?" అని ఒకే ప్రశ్న వేశాడు. మా ఖాతాలో ఉన్న ఆడవాళ్లు ఆ తరువాత చాలా ఏళ్లు నన్ను "ఎనిమిది సైడ్ల అన్న" అనే పిలిచారు. నవ్వుతూనే పిలిచారు గాని, రాత్రి పాళీ అయ్యాక వాళ్లు మోకాళ్లు పట్టుకుని బస్సెక్కుతుంటే ఆ పేరు నాకు నవ్వు తెప్పించలేదు.

అందుకే నేను ఏ కమిటీని చూసినా ముందు కుర్చీలు లెక్కపెట్టను. మూడు సంగతులు అడుగుతాను. "అవును" అనే అధికారం ఎవరిది? "కాదు" అంటే ఆ కాదు ఎక్కడ రాస్తారు? ఎన్ని కాదులు కలిస్తే పని ఆగుతుంది? ఈ మూడింటికి జవాబు లేని ఉత్తరం పెళ్లి శుభలేఖ వంటిది. రమ్మంటుంది, కాని ముహూర్తం మనల్ని అడిగి పెట్టలేదు.

ఇది మన మిల్లు గొడవ మాత్రమే అనుకోకండి. మన పని కొలతలు పెద్ద పెద్ద చోట్ల రాస్తున్నారు, అక్కడా ఇదే పేచీ. ఎగుమతి టవళ్లు నేసే ఫ్యాక్టరీల గేట్ల మీద ఈమధ్య "ఐ.ఎస్.ఓ. 45001" అని బోర్డు కనిపిస్తున్నది. కార్మికుల ఆరోగ్యం, భద్రత గురించిన అంతర్జాతీయ ప్రమాణం అది. ఒక చెల్లెలు నన్ను అడిగింది: "కాకా, ఇది మనకోసమేనట. మనకోసం రాసినోళ్లలో మనోళ్లెవరు?" ఆ ప్రశ్నకు జవాబు వెదుక్కుంటూ పోతే నాకు తెలిసిన సంగతి చెబుతాను.

ఐ.ఎస్.ఓ. అనేది ప్రభుత్వాల సంస్థ కాదు, దేశాల ప్రమాణాల సంస్థల సంఘం. ప్రధాన కార్యాలయం జెనీవాలో. మన దేశం తరఫున అందులో సభ్యత్వం బి.ఐ.ఎస్.కు, అంటే మన సరుకు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు వేసే ఢిల్లీ సంస్థకు. 45001 రాయడానికి 2013లో ఒక కమిటీ ఏర్పడింది. దాని కింద వర్కింగ్ గ్రూపు. ఆ వర్కింగ్ గ్రూపులో ఓటింగు ఉండదు. నిపుణులు కూర్చుని మాట్లాడతారు, ఏకాభిప్రాయం వచ్చిందో లేదో కన్వీనరు తేలుస్తాడు. పై కమిటీలో ఓటు ఉంటుంది, కాని ఆ ఓటు దేశానికి ఒకటి, ఆ దేశపు ప్రమాణాల సంస్థ వేస్తుంది. అంతర్జాతీయ ట్రేడ్ యూనియన్ సమాఖ్యకు అక్కడ కూర్చుని మాట్లాడే చోటు దొరికింది, ఓటు దొరకలేదు. కార్మికుల విషయమే ప్రాణంగా పుట్టిన ఐ.ఎల్.ఓ., అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, దానికీ అంతే. మాట ఉంది, ఓటు లేదు. కోట్లమంది కార్మికుల వేళ్లు, ఊపిరితిత్తులు, చెవుల గురించిన కాగితం మీద వాళ్ల సంఘాలకు చెయ్యెత్తే హక్కు లేదు.

మరి ఏకాభిప్రాయం అంటే ఏమిటని వాళ్ల నిబంధనల్లోనే అర్థం రాసుకున్నారు. అందరూ ఒప్పుకోవాలని కాదు. ముఖ్యమైన విషయం మీద ముఖ్యమైన పక్షం పట్టుబట్టి నిలబెట్టిన వ్యతిరేకత లేకపోతే ఏకాభిప్రాయమే. జాగ్రత్తగా చదవండి. ఒకసారి కాదని కూర్చుంటే లెక్కలోకి రాదు, నిలబెట్టాలి. 2003లో నేను ఒకసారి లేచి, మంచి పాయింటు అనిపించుకుని, భజ్జీ తిని కూర్చున్నాను. జెనీవా లెక్కలో కూడా అది ఏకాభిప్రాయమే అయ్యుండేది. మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలు పెళ్లిచూపుల్లో అన్నమాట, వీళ్లు దాన్ని పూర్తి అంగీకారం చేసుకున్నారు.

అయినా వాళ్ల ఇంట్లో కూడా ఒక మంచి తలుపు ఉన్నది. ముసాయిదా ఓటుకు వచ్చినప్పుడు, ఓటు వేసిన సభ్య దేశాల్లో మూడింట రెండు వంతులు అవుననాలి, అది చాలదు, మొత్తం ఓట్లలో కాదనేవి నాలుగో వంతుకు మించకూడదు. 2016లో 45001 ముసాయిదా సరిగ్గా ఇక్కడే పడిపోయింది. అవును ఓట్లు రెండు వంతులు దాటాయి, కాని కాదు ఓట్లు నాలుగో వంతు దాటాయి. మళ్లీ రాయవలసి వచ్చింది. రెండో ముసాయిదా 2017లో నెగ్గింది, 2018 మార్చిలో ప్రమాణం వెలువడింది. ఎక్కువమంది అవునన్నా తక్కువమంది కాదు వల్ల పని ఆగిందంటే, ఆ కాదు లెక్కలో ఉంది కాబట్టి. ఇంకొక సంగతి: అక్కడ కాదని ఓటేస్తే సాంకేతిక కారణం రాయాలి, కారణం లేని కాదు లెక్కలోకి రాదు. ఇది మనం నేర్చుకోవలసినది. "మాకిష్టం లేదు" అని అరిచి బయటికి వస్తే మన కాదు గాలిలో పోతుంది. "ఫలానా మిక్సింగులో తెగుడు ఇంత, కాబట్టి ఎనిమిది కుదరదు" అని రాసి ఇస్తే అది కాగితం మీద నిలబడుతుంది.

ఇప్పుడు రెండో ఇంటికి పోదాం. ఐ.ఎల్.ఓ. మహాసభకు ప్రతి దేశం నలుగురు ప్రతినిధులను పంపుతుంది. ప్రభుత్వం తరఫున ఇద్దరు, యజమానుల తరఫున ఒకరు, కార్మికుల తరఫున ఒకరు. నలుగురికీ నాలుగు ఓట్లు, ఎవరిది వారిదే. ఢిల్లీ నుంచి పోయిన కార్మిక ప్రతినిధి తన దేశ ప్రభుత్వం అవునన్నచోట కాదని చెయ్యెత్తవచ్చు. ఒక ఒడంబడిక నెగ్గాలంటే పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలి. ఐ.ఎస్.ఓ.లో దేశం గొంతులో కార్మికుడి గొంతు కలిసిపోతుంది, ఐ.ఎల్.ఓ.లో విడిగా వినబడుతుంది. నాకు ఐ.ఎల్.ఓ. మీద భ్రమలేమీ లేవు. సంఘం పెట్టుకునే హక్కు గురించిన 87వ ఒడంబడికను, ఉమ్మడి బేరసారాల గురించిన 98వ ఒడంబడికను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. అక్కడ నెగ్గినది ఇక్కడికి రావడానికి మళ్లీ ఇంకో పోరాటం. కాని కార్మికుడి ఓటు కార్మికుడిదే అన్న ఒక్క ఏర్పాటు కోసం ఆ సంస్థను నేను గౌరవిస్తాను.

ఓటు ఉన్నచోట కూడా కిటుకులున్నాయి. యానాం అన్నలు, ఒడిశా తీరంలో ఉన్న మనవాళ్లు ఈ ముక్క తప్పక చదవాలి, మీ బంధువుల్లో చేపలవేటకు పోయేవాళ్లు చాలామంది ఉన్నారు. 2005 జూన్‌లో చేపల వేట కార్మికుల కోసం ఒక ఒడంబడిక ఐ.ఎల్.ఓ. మహాసభలో ఓటుకు వచ్చింది. అనుకూలం 288. వ్యతిరేకం 8. చూడండి, 288కి 8! అయినా ఒడంబడిక నెగ్గలేదు. ఎందుకంటే 139 మంది తటస్థంగా కూర్చున్నారు, అందులో యజమానుల పక్షం వారే ముఖ్యం. తటస్థంగా ఉన్నవాళ్ల ఓటు పోలైనట్టు కాదు. కోరం నిండాలంటే 297 ఓట్లు పోలవాలి. 288కి 8 కలిపితే 296. ఒక్క ఓటు తక్కువ! కాదని ఓటేసి ఉంటే కోరం నిండేది. కాదనకుండా, అవుననకుండా, చేతులు కట్టుకుని కూర్చుని గెలిచారు. మళ్లీ 2007లో అదే విషయం వచ్చింది. అప్పుడు 437 అనుకూలం, 2 వ్యతిరేకం, 22 తటస్థం. 188వ ఒడంబడికగా నెగ్గింది. మధ్యలో సముద్రం మీద గడిచిన రెండేళ్లు ఎవరి ఖాతాలో రాయాలి?

కోరం సంగతి చిన్నది, గుమస్తాల పని అని మన కార్యవర్గంలో ఒకరన్నారు. ఆ ఒక్క ఓటు కథ వారికోసమే రాశాను.

ఇక "ఓటింగు పెడితే చీలిక వస్తుంది, ఏకాభిప్రాయమే మంచిది" అనే వాదన. ఇది తేలికగా తీసిపారేసే మాట కాదు, నిజాయితీగా జవాబు చెప్పాలి. ఏకాభిప్రాయం కొన్నిసార్లు బలహీనుడికి డాలు. ఐ.ఎల్.ఓ.లోనే పాత ప్రమాణాలను సమీక్షించే త్రైపాక్షిక వర్కింగ్ గ్రూపు ఒకటి 2015లో ఏర్పడింది. 32 మంది సభ్యులు. ప్రభుత్వాల వారు 16, యజమానుల వారు 8, కార్మికుల వారు 8. తలలు లెక్కపెడితే మనవాళ్లు నాలుగో వంతే. అక్కడ మెజారిటీ ఓటు పెడితే మనవాళ్ల పని అయిపోయినట్టే. కాని అక్కడ నిర్ణయం ఏకాభిప్రాయంతో, పక్షాలుగా. కార్మిక పక్షం కాదంటే ఆ సిఫారసు ముందుకు సాగదు. పైగా ఆ గ్రూపు సిఫారసు మాత్రమే చేస్తుంది, తీర్పు చెప్పదు. నిర్ణయం పాలక మండలిది, అందులో ప్రభుత్వాలు 28, యజమానులు 14, కార్మికులు 14. ఒక ఒడంబడికను రద్దు చేయాలంటే మహాసభ దాకా పోవాలి. అంటే వర్కింగ్ గ్రూపు ఎంతవరకు, పైన ఎవరు, ఎవరి కాదుకు ఎంత బలం, అన్నీ ముందే రాసి ఉన్నాయి. అటువంటి ఏకాభిప్రాయానికి నేను ఇవాళే సంతకం పెడతాను.

మనకొచ్చిన ఉత్తరంలో ఉన్నది ఆ ఏకాభిప్రాయం కాదు. మన నలుగురూ కాదంటే ఏమవుతుందో అందులో లేదు. ముగ్గురు కాదని ఒకరు తల ఊపితే ఏమవుతుందో లేదు. కన్వీనరు వాళ్ల మనిషే. మినిట్స్ రాసేది వాళ్ల గుమస్తానే. అక్కడ ఒక్కడు ఎదురు చెబితే, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వుతారు. ఆ నవ్వుకు జడిసి సంతకం పెట్టినవాణ్ణి నేను.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం, ఎందుకంటే యాజమాన్యం ఆ పేరే చెబుతున్నది. నూరుమంది, అంతకు మించి పనిచేసే చోట వర్క్స్ కమిటీ ఉండాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి, పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఆ కమిటీ ఏర్పాటు ఉన్నది. ఆ కోడ్‌ల మీద మన వ్యతిరేకత వేరే సంగతి, ఇంతకుముందు సంచికల్లో రాశాం. కాని వర్క్స్ కమిటీకి ఉన్న అధికారమెంత? ఈ ప్రశ్న 1960లోనే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది, అదీ మనవంటి మిల్లు కార్మికుల కేసులోనే. కలకత్తా వైపు నార్త్‌బ్రూక్ జూట్ కంపెనీ కేసు. ఆ వైపు జూట్ మిల్లుల్లో గంజాం, విశాఖ జిల్లాల నుంచి వలసపోయిన మనవాళ్లు తరతరాలుగా పనిచేశారని మీకు తెలుసు. అక్కడ యాజమాన్యం హేతుబద్ధీకరణ పథకం తెచ్చింది. తక్కువ మందితో ఎక్కువ పని అని దాని అసలు అర్థం. వర్క్స్ కమిటీ ఒప్పుకుంది. కార్మికులు మాత్రం అదనపు పని చేయం అన్నారు. మిల్లు లాకౌట్ చేశారు. సుప్రీంకోర్టు ఏమన్నదంటే, వర్క్స్ కమిటీ పని రోజువారీ రాపిడులు తగ్గించడమే, పని షరతులను మార్చే అసలు విషయాల్లో కార్మికులందరినీ కట్టిపడేసే అధికారం దానికి లేదు. కమిటీ ఒప్పుకున్నంత మాత్రాన కార్మికులు ఒప్పుకున్నట్టు కాదు. లాకౌట్ చట్టవిరుద్ధం, ఆ రోజుల జీతం చెల్లించాలి.

ఈ తీర్పు సంగతి నాకు 2003లో తెలిసి ఉంటే, రాజీ అధికారి అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు నేను తల దించుకునేవాణ్ణి కాదు. "సంతకం నాదే సార్, అధికారం మాత్రం నాది కాదు" అనేవాణ్ణి. ఏం లాభం, వకీలును పెట్టుకునే డబ్బు లేదు, చెప్పేవాడు లేడు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. పనిలో హేతుబద్ధీకరణ, ప్రామాణీకరణ వల్ల మనుషులు తగ్గే ప్రమాదం ఉంటే యాజమాన్యం 21 రోజుల ముందు మార్పు నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో ఉన్నది, కొత్త కోడ్‌లోనూ ఉన్నది. "ప్రామాణీకరణ" అన్న మాట ఆ పట్టికలో అచ్చంగా ఉన్నది. వర్కింగ్ గ్రూపులో మన సంతకం తీసుకుంటే, రేపు నోటీసు అడిగినప్పుడు "మీవాళ్లతో కలిసే చేశాం కదా" అనడానికి ఒక కాగితం దొరుకుతుంది. నాకు ఈ ఉత్తరంలో కనిపించేది ఆ కాగితమే.

కొలతలకే నేను వ్యతిరేకినని కొందరు ప్రచారం చేస్తున్నారు. తప్పు. నూరు కిలోల నూలుకు ఎన్ని మనిషి గంటలు పట్టాయో, దాన్ని 40 నంబరు నూలుకు మార్చి లెక్కకట్టే పద్ధతి కోయంబత్తూరులోని సిట్రా పరిశోధన సంస్థది. ఆ లెక్క నేను కూడా నేర్చుకున్నాను, ఉపయోగపడుతుంది. మిల్లుకు మిల్లుకు పోల్చి చూడడానికి పనికొస్తుంది. కాని గజం కర్ర గుడ్డను కొలుస్తుంది, చొక్కా ఎవరికి కుట్టాలో చెప్పదు. పాత మిషన్లున్న, తేమ నిలవని, రోజుకో రకం పత్తి దింపే మిల్లులో కొత్త మిల్లు కొలత పెట్టాలా వద్దా అన్నది నిర్ణయం. ఆ నిర్ణయంలో మన ఓటు ఉండాలి.

మనవాళ్ల ఓటు ఉన్న కొలత ఎట్లా ఉంటుందో చూడాలంటే 1957కు పోవాలి. ఆ ఏడాది భారత కార్మిక మహాసభ 15వ సమావేశంలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కనీస వేతనానికి కొలతలు పెట్టారు. సంపాదించే మనిషి మీద ముగ్గురి తిండి ఖర్చు. పెద్దమనిషికి రోజుకు 2700 క్యాలరీలు. నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ. ఇంటి అద్దె. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. ఏకగ్రీవంగా నెగ్గింది. మనం నేసే గుడ్డలో మన ఇంటికి 72 గజాలు అని ఒక కాగితం మీద రాయించిన ఘనత ఆ మహాసభది. 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో దానికి పిల్లల చదువు, వైద్యం, పెళ్లి, ముసలితనం వగైరాలకు మరో 25 శాతం కలిపింది. అయితే ఆ మహాసభ నిర్ణయాలకు చట్టం బలం లేదు, అవి సిఫారసులు. దాన్ని పిలిచే అధికారం కూడా ప్రభుత్వం చేతిలోనే ఉన్నది. 46వ సమావేశం 2015 జూలైలో జరిగింది. ఆ తరువాత ఏళ్లకేళ్లు పిలుపే లేదు. ఏకగ్రీవం గొప్పదే, కాని సమావేశం పిలిచే అధికారం కూడా చేతిలో లేకపోతే ఆ ఏకగ్రీవం బీరువాలో పడి ఉంటుంది. మనకొచ్చిన ఉత్తరంలో వర్కింగ్ గ్రూపును ఎవరు పిలుస్తారో చూడండి: "కన్వీనరు వీలునుబట్టి."

యాజమాన్యం గొప్పగా చెప్పుకునే 45001లోనే మనకు పనికొచ్చే ఆయుధం ఒకటి ఉన్నది. అందులో "సంప్రదింపు" వేరు, "భాగస్వామ్యం" వేరు. సంప్రదింపు అంటే నిర్ణయానికి ముందు అభిప్రాయం అడగడం. భాగస్వామ్యం అంటే నిర్ణయం చేయడంలో పాలుపంచుకోవడం. ప్రమాదాలను గుర్తించడంలో కార్మికుల భాగస్వామ్యం ఉండాలని 5.4 అంశంలో ఉన్నది. విధానం, లక్ష్యాలు పెట్టేటప్పుడు మాత్రం సంప్రదింపే. ఆ తేడాలోనే వాళ్ల బుద్ధి తెలుస్తుంది. అయినా ఉన్నంతవరకు వాడుకుందాం. బోర్డు వేలాడదీసుకున్నారు కదా, ఆడిటరు వచ్చినప్పుడు 5.4 చూపించి అడుగుదాం: దుమ్ము ఎక్కడ ఎక్కువో గుర్తించిన రోజు మా ఓటు ఎక్కడ రాశారు?

ఇంత రాసి మన ఇంటి సంగతి రాయకపోతే నేను దొంగనవుతాను. మన సర్వసభ్య సమావేశాల్లో తీర్మానాలు ఎట్లా నెగ్గుతున్నాయి? నేను మైకులో "అందరికీ ఆమోదమేనా?" అంటాను. ముందు వరుస చప్పట్లు కొడుతుంది. "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని నేనే రాస్తాను. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ బదిలీ కార్మికులు చప్పట్లు కొట్టారా లేదా నేను ఏనాడూ చూడలేదు. రాత్రి పాళీ వాళ్లు ఇంట్లో నిద్రపోతుంటారు. పోయినసారి చందా పెంచినప్పుడు ఇట్లాగే జరిగింది. ఒక అక్క సమావేశమయ్యాక మెట్ల దగ్గర పట్టుకుని, "అన్నా, నువ్వూ స్పిన్నింగు మాస్టరువే అయినవు" అన్నది. జవాబు చెప్పలేకపోయాను.

కనుక ఈసారి చప్పట్లు లేవు. సమావేశం ముందు రెండు విషయాలు పెడుతున్నాను. ఒకటి, యాజమాన్యం ఉత్తరానికి జవాబు. మన నలుగురిని కార్మికులే రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటారు, కాబట్టి పేర్లు ఆ తరువాతే వస్తాయి. కన్వీనరు ఒకసారి వాళ్లవాడు, ఒకసారి మనవాడు. కార్మిక పక్షం కాదంటే ఆ విషయంలో ఏకాభిప్రాయం లేనట్టే, అట్లాగే రాయాలి. అసమ్మతి కారణాలతో సహా మినిట్స్‌లో ఉండాలి, మినిట్స్ నకలు అదే రోజు మన చేతికి రావాలి, చదివిన తరువాతే సంతకం. పక్షానికి ముగ్గురైనా లేనిదే కోరం లేదు, వచ్చి కూర్చుని తటస్థం అన్నవాడు కూడా కోరంలో లెక్కే. సైడ్లు, సాంచెల సంఖ్య మార్చే విషయం ఏదైనా గ్రూపు సిఫారసు మాత్రమే చేస్తుంది, ఖాతాలోని కార్మికుల ఓటు లేకుండా అమలు కాదు. ఇవి ఒప్పుకుంటే వెళ్దాం. ఒప్పుకోకపోతే వాళ్ల కమిటీ వాళ్లే పెట్టుకుంటారు, మన సంతకం లేకుండా. 21 రోజుల నోటీసు వాళ్లు ఇవ్వవలసి వస్తుంది, మన వివాదం మనం లేవనెత్తుతాం.

రెండోది, మన సంఘం తీర్మానాలు కూడా ఇకమీదట చీటీ ఓటుతోనే. బదిలీ వాళ్లకు, కాంట్రాక్టు వాళ్లకు కూడా సభ్యత్వ రసీదు ఉంటే ఓటు ఉంటుంది. నేను అంతకుముందు చేసిన ఏకగ్రీవాల్లో ఏదైనా మళ్లీ ఓటుకు పెట్టమని పదిమంది సంతకాలతో అడిగితే పెడతాను, చందా సంగతి సహా.

పైన రాసిన షరతులు ఎక్కువయ్యాయని, బేరం చెడుతుందని మన కార్యవర్గంలో కొందరి భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. మిల్లు ఊరు దాటిపోతుందేమోనని రాత్రి నిద్ర పట్టనివాళ్లలో నేనూ ఒకణ్ణి. వాళ్లు కూడా సమావేశంలో మాట్లాడతారు, నాకెంతసేపో వాళ్లకూ అంతసేపు.

వచ్చే ఆదివారం, సంఘం ఆఫీసులో. రాత్రి పాళీ దిగినవాళ్లకోసం పెట్టె ఉదయం 7 గంటలకే తెరుస్తాం, పగటి పాళీ వాళ్లకోసం సాయంత్రం 6 దాకా ఉంచుతాం. చర్చ 10 గంటలకు. చీటీలు లెక్కపెట్టడానికి రింగు ఖాతా నుంచి ఇద్దరు, సాంచెల నుంచి ఇద్దరు, బదిలీ వాళ్ల నుంచి ఒకరు కావాలి. పేర్లు శుక్రవారం లోపల ఇవ్వండి. నేను లెక్కలో కూర్చోను.

మీ కార్యదర్శి